అమ్మ ఎత్తిన ఒక్క జెండా

నా చిన్నప్పుడు మా అమ్మ పదిమంది ఎదుట నిలబడి గట్టిగా ఒక మాట అనగా నేను చూసింది ఒక్కసారే. ఆ మాటకి మైదానంలో ఉన్న మగవాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. వాళ్ళలో మా నాన్న ఒకరు. నాకైతే ఆ తెరిచిన నోరు మూసుకోవడానికి మర్నాటి దాకా పట్టింది.

డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి. నార్త్ కరోలినాలో క్యారీ అప్పటికింకా చిన్న ఊరే. మేము ఉండే అపార్ట్‌మెంట్ల వెనక పైన్ చెట్లు, ముందు రోడ్డు. పాల డబ్బా కావాలన్నా కారు తియ్యాల్సిందే. నాకు పదకొండేళ్ళు. నాన్న ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. అమ్మ నర్సాపురం దగ్గర మిషన్ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసిన మనిషి, ఇక్కడికొచ్చాక కూడా ఒక ఆసుపత్రిలో అదే పని చేసేది. పనికి కూడా చీరే కట్టుకుని, పైన తెల్లకోటు తొడుక్కుని వెళ్ళేది. ఆదివారం మధ్యాహ్నం అయిదారు తెలుగు కుటుంబాలు ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు అడిగి తీసుకుని అక్కడ ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. అక్కడ కూడా అమ్మ వెనక వరసలోనే కూర్చునేది. సాక్ష్యం చెప్పమని అడిగితే నవ్వి తల అడ్డంగా ఊపేది. ఇంట్లో నాన్న ఏదంటే అది. "మీ ఇష్టమండీ" అన్న మాట అమ్మ రోజుకి ఎన్నిసార్లు అనేదో నేను లెక్కపెట్టలేదు గానీ, అది ఆవిడకి ఊతపదం అని చాలాకాలం అనుకున్నాను.

నాన్న బాస్ ఆస్ట్రేలియా ఆయన. గుమ్మంలోంచి తల వంచుకుని రావలసినంత పొడుగు. ఇంట్లో మేం ఆయన్ని "పొడుగు అంకుల్" అనుకునేవాళ్ళం. మంచివాడే, గట్టిగా నవ్వుతాడు, అంతకంటే గట్టిగా అరుస్తాడు. మా బతుకు ఆ రోజుల్లో ఆయన సంతకం మీద ఆధారపడి ఉండేది. నాన్న గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ తరఫున ఒక ఉత్తరం వెళ్ళాలి, దాని మీద ఆయన సంతకం పెట్టాలి. వీసా గడువు వచ్చే వేసవితో అయిపోతుంది. ఉత్తరం టైప్ చేయించి ఆయన టేబుల్ మీద పెట్టి రెండు నెలలైంది. ఆయన దాన్ని సొరుగులో పెట్టుకోవడం నాన్న కళ్ళారా చూశారట. రోజూ సాయంత్రం నాన్న కారు దిగగానే అమ్మ మొహం వైపు చూసేది. నాన్న "ఇంకా లేదు" అనేవారు. ఇంకోసారి గుర్తు చెయ్యొచ్చుగా అని అమ్మ ఒకసారి అంటే, "పెద్దవాళ్ళని తొందరపెడితే మొదటికే మోసం వస్తుంది" అన్నారు. నేను ఫ్రెండ్స్‌తో వచ్చే ఏడాది గురించి మాట్లాడడం మానేశాను. వచ్చే ఏడాది ఏ స్కూల్లో ఉంటానో నాకే తెలియదు మరి.

ఆ పొడుగు అంకుల్‌కి ఒక పిచ్చి ఉండేది. వాళ్ళ దేశపు ఫుట్‌బాల్. మా చుట్టుపక్కల ఉన్న ఆస్ట్రేలియా వాళ్ళనీ, యూనివర్సిటీలో చదువుకునే కుర్రాళ్ళనీ, సరదాపడ్డ కొందరు అమెరికన్లనీ పోగుచేసి ఒక క్లబ్బు పెట్టాడు. షార్లెట్‌లో ఆయనలాంటివాడే ఇంకొకడు ఇంకో క్లబ్బు పెట్టాడు. ఏడాదికోసారి అక్టోబరులో ఈ రెండు జట్లకీ మ్యాచ్. ఇద్దరు కెప్టెన్లూ ఒకే ఊళ్ళో పుట్టి, అక్కడ కూడా ఎదురెదురు జట్లకే ఆడారట. మూడేళ్ళుగా షార్లెట్ వాళ్ళే గెలుస్తున్నారు. ఆ సంవత్సరం మ్యాచ్‌కి నెల ముందు నుంచీ ల్యాబ్‌లో వేరే మాట లేదని నాన్న చెప్పేవారు. గెలిస్తే ఆయన మనసు బాగుంటుంది, మనసు బాగుంటే సొరుగు తెరుస్తాడు. నాన్న ఈ మాట పైకి అనలేదు. కానీ శనివారం పొద్దున్నే లేచి కారు కడిగి, అమ్మ చేత పులిహోర చేయించి, "మనం ముగ్గురం వెళ్తున్నాం" అన్నప్పుడు నాకు అర్థమైంది.

మైదానం గుర్రాల ప్రదర్శనలు జరిగే చోటు. వాళ్ళ ఆటకి కోడిగుడ్డు ఆకారంలో పెద్ద స్థలం కావాలట. రెండు కొసల్లోనూ నాలుగేసి ఇనప గొట్టాలు పాతారు, నడిమివి రెండూ పొడుగు, పక్కవి రెండూ పొట్టి. బంతిని కాలితో తన్ని పొడుగు గొట్టాల మధ్యలోంచి పంపితే ఆరు పాయింట్లు. పొడుగుదానికీ పొట్టిదానికీ మధ్యలోంచి వెళ్తే ఒక్కటే. వాటి దగ్గర తెల్లకోటు వేసుకుని ఒక అంపైర్ నిలబడాలి. ఆరు పాయింట్లయితే రెండు జెండాలు ఊపాలి, ఒకటైతే ఒక జెండా. ఒక కొసకి షార్లెట్ వాళ్ళు మనిషిని తెచ్చుకున్నారు. రెండో కొసకి మా వైపు నుంచి రావలసిన ముసలాయన కారు దారిలో ఆగిపోయింది.

పొడుగు అంకుల్ నాన్న దగ్గరికి వచ్చి అడిగాడు. నాన్న తన సోడాబుడ్డి కళ్ళద్దాలు చూపించి తటపటాయించారు. ఆయన చూపు పక్కన అమ్మ మీద పడింది. అమ్మకి ఆ శనివారం ఒంటిపూట డ్యూటీ, ఆసుపత్రి దగ్గర ఎక్కించుకుని తిన్నగా అక్కడికి వచ్చాం, తెల్లకోటు ఆవిడ చేతి మీద మడతపెట్టి ఉంది. "కోటు కూడా ఉంది!" అని ఆయన పెద్దగా నవ్వాడు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న గబగబా తల ఊపారు. "మీ ఇష్టమండీ" అని అమ్మ కోటు తొడుక్కుంది.

ఆయన అమ్మని గొట్టాల దగ్గరికి తీసుకెళ్ళి అయిదు నిమిషాల్లో అంతా చెప్పాడు. బంతి పొడుగు గొట్టానికి ఏ కాస్త తగిలినా, తగిలాక లోపలికే వెళ్ళినా సరే, ఒక్కటే పాయింటు. అలా తగిలినప్పుడు గొట్టాన్ని అరచేత్తో తట్టి చూపించాలి, ఆ తర్వాత ఒక వేలు, ఒక జెండా. "చూసిందీ విన్నదీ చెప్పండి, ఊహించింది మాత్రం వద్దు. నేనడిగినా వద్దు" అన్నాడు. అమ్మ స్కూలు పిల్లలా ప్రతిదానికీ తల ఊపింది. నన్ను గొట్టాల వెనక గడ్డిలో కూర్చోమంది. నాన్న స్కోరు రాసే పుస్తకం పట్టుకుని పక్కకి వెళ్ళారు.

ఆట మొదలయ్యాక నేను బిత్తరపోయాను. మా స్కూల్లో ఫుట్‌బాల్ ఆడే అన్నయ్యలు తలకి హెల్మెట్, భుజాలకి దిళ్ళలాంటివి కట్టుకునేవాళ్ళు. వీళ్ళు చేతుల్లేని బనియన్లు, పొట్టి లాగులు వేసుకుని ఒకళ్ళనొకళ్ళు ఎద్దుల్లా ఢీకొంటున్నారు. బంతి గాల్లో ఉండగా వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, ముందువాడి వీపు మీద మోకాలు ఆనించి, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి అందుకుంటున్నారు. ఒకతని చెవి దగ్గర చిట్లి మెడ మీదకి రక్తం కారుతోంది. అతను దాన్ని బనియన్‌తో తుడుచుకుని మళ్ళీ పరిగెత్తాడు. "అతనికి నాలుగు కుట్లు పడతాయి" అంది అమ్మ, జెండాలు చంకలో పెట్టుకుని. పొడుగు అంకుల్ ఆఫీసులో టై కట్టుకుని తిరిగే మనిషని నాకు తెలుసు. ఆ మనిషి నేలమీద దొర్లుతూ, షార్లెట్ కెప్టెన్ బనియన్ పట్టుకుని, నేను ఇక్కడ రాయకూడని మాటలు అరుస్తుంటే కళ్ళప్పగించి చూశాను. పెద్దవాళ్ళు లోపల ఇలా ఉంటారా అనిపించింది.

అమ్మ మాత్రం తన పని తను చేసుకుపోయింది. మొదటిసారి రెండు వేళ్ళూ చూపించి రెండు జెండాలూ ఊపినప్పుడు చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడ్డాయి. రెండోసారికి కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. ఒకసారి షార్లెట్ వాళ్ళు ఎవరో కాదు కాదని అరిచారు, ఇంకోసారి మా వాళ్ళు అరిచారు. అమ్మ ఎవరివైపూ చూడలేదు. ఆవిడ మొహంలో ఉన్న ఆ చూపు నాకు తెలుసు. ఆసుపత్రిలో మైక్రోస్కోపులోకి వంగి చూసేటప్పుడు ఉండే చూపు అది. నేను పిలిచినా పలికేది కాదు అప్పుడు.

ఆటలో నాలుగోదీ ఆఖరిదీ అయిన భాగం చివరికి వచ్చేసరికి మా వాళ్ళు రెండే పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఆ భాగంలో మా వాళ్ళు తన్నాల్సింది అమ్మ ఉన్న వైపుకే. చివరి నిమిషంలో పొడుగు అంకుల్ ఇద్దరి మీదుగా ఎగిరి బంతి పట్టాడు. పట్టీ పట్టగానే ట్రక్కు హారన్ మోగింది, టైము అయిపోయిందని గుర్తు. అయినా అలా పట్టినవాడికి ఒక్క తన్ను తన్నే హక్కు ఉంటుందట. ఆరు పాయింట్లు వస్తే మూడేళ్ళ తర్వాత గెలుపు. ఒక్కటే వస్తే ఒక్క పాయింటుతో ఓటమి.

మైదానం అంతా నిశ్శబ్దమైపోయింది. నాన్న ఉండబట్టలేక పుస్తకం పట్టుకుని మా వెనక కంచె దగ్గరికి వచ్చేశారు, నాకు పది అడుగుల దూరంలో. ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారని నాకు తెలుసు. దేనికోసమో కూడా తెలుసు.

పొడుగు అంకుల్ తన్నాడు. బంతి తిన్నగానే వచ్చింది, చివర్లో కొంచెం ఎడమకి వాలింది. పొడుగు గొట్టం లోపలి అంచుని ఒరుసుకుంటూ లోపలికి వచ్చి నా పక్కనే గడ్డిలో పడింది. ఒరుసుకున్నప్పుడు గొట్టం "టింగ్" మంది. స్టీలు గ్లాసుకి చెంచా తగిలినంత చిన్న చప్పుడు. ఆ మరుక్షణం మా వాళ్ళందరూ గెలిచేశామని కేకలు పెడుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. దూరంగా ఉన్నవాళ్ళకి బంతి లోపలికి వెళ్ళడమే కనపడింది. మధ్యలో ఉన్న పెద్ద అంపైర్ మాత్రం అమ్మ వైపు తిరిగి నిలబడ్డాడు.

అమ్మ ఉన్నచోటి నుంచి కదల్లేదు. అప్పుడు వెనకనుంచి నాన్న గొంతు వినపడింది, తెలుగులో.

"రెండూ ఎత్తు! ఆలోచించకు, రెండూ ఎత్తెయ్!"

ఆ మైదానంలో ఆ మాట అర్థమైనవాళ్ళం ముగ్గురమే. అమ్మ వెనక్కి తిరిగి నాన్నని చూసింది. ఒక్క క్షణమే చూసింది. ఆ తర్వాత నాలుగడుగులు వేసి వెళ్ళి గొట్టాన్ని అరచేత్తో తట్టింది. ఒక వేలు చూపించింది. ఒక జెండా ఎత్తి ఊపింది.

కేకలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నాన్న మాట అమ్మ వినకపోవడం నేను అంతవరకూ చూడలేదు. అందరూ చూస్తుండగా, వినలేదు.

పొడుగు అంకుల్ మా వైపు నడిచి వచ్చాడు. మొహం కందిపోయి ఉంది, మోకాలి మీద రక్తం. "అది లోపలికి వెళ్ళిందమ్మా. అందరూ చూశారు" అన్నాడు. అమ్మ తల ఎత్తి చూస్తే తప్ప ఆయన మొహం కనపడదు. ఎత్తి చూసింది. "తగిలి వెళ్ళింది సర్. నేను విన్నాను. మీరే చెప్పారు కదా, మీరడిగినా వద్దని" అంది. మాట స్పష్టంగానే వచ్చింది. వెనకనుంచి మా జట్టువాడెవడో, ఆట తెలియని మనిషిని తెచ్చి నిలబెడితే ఇంతే అని గొణిగాడు. దాని తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు, అమ్మ చీర గురించి. అది అమ్మకి వినపడలేదనే నేను ఇప్పటికీ అనుకోవాలనుకుంటాను.

పొడుగు అంకుల్ ఉన్నట్టుండి నా వైపు వంగాడు. "నువ్వు ఇక్కడే కూర్చున్నావు కదా. తగిలిందా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న తన బూట్ల వైపు చూస్తున్నారు. నాకు ఆ సొరుగు గుర్తొచ్చింది. స్కూలు గుర్తొచ్చింది. "నాకు తెలీదు. నేను చూడలేదు" అన్నాను ఇంగ్లీషులో.

అమ్మ చటుక్కున నాకూ ఆయనకీ మధ్యలోకి వచ్చింది. అప్పుడు అంది ఆ మాట, మైదానం మధ్యదాకా వినపడేలా. "చిన్నపిల్లని అడక్కండి. ఇక్కడ నిలబెట్టింది నన్ను. నన్నే అడగండి!"

పెద్ద అంపైర్ వచ్చి ఒక పాయింటే అని ప్రకటించాడు. షార్లెట్ వాళ్ళు ఒక్క పాయింటుతో గెలిచారు. విచిత్రం ఏమిటంటే గెలిచినవాళ్ళు కూడా వెంటనే అరవలేదు, అమ్మ వైపు చూస్తూ నిలబడ్డారు. అమ్మ రెండు జెండాలూ మడిచి గడ్డి మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచింది. పులిహోర గిన్నె మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడిపారు. నేను వెనక సీట్లో కూర్చుని అమ్మ చేతుల్ని చూశాను. ఒళ్ళో ఉన్న కోటుని మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది.

ఆ సాయంత్రం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. బయట ఇంకా వెలుతురు ఉంది, పక్క అపార్ట్‌మెంటు పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్న చప్పుడు వినపడుతోంది. నాన్న కోపం కంటే, అమ్మ నన్ను ఏమీ అనకపోవడమే నాకు భరించరానిదిగా ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మా, నేను విన్నాను. టింగ్‌మంది. విని కూడా తెలీదన్నాను" అని బావురుమన్నాను.

అమ్మ గరిటె కింద పెట్టి నా తల నిమిరింది. "నువ్వు విన్నావని నాకు తెలుసులే. చప్పుడుకి నువ్వు అటు తిరగడం చూశాను" అంది. అంటే అక్కడే, ఆ జనం మధ్యలో, "మా అమ్మాయి కూడా విన్నది" అని ఆవిడ చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అది తట్టేసరికి నా ఏడుపు ఆగిపోయింది.

అప్పుడు నాన్న కంచంలో చెయ్యి పెట్టి, తల ఎత్తకుండా అన్నారు.

"నేనూ విన్నాను."

నేను పొరపాటుగా విన్నానేమో అనుకున్నాను. అమ్మ మొహం చూస్తే కాదని తెలిసింది. ఆవిడ మొహంలో రంగు పోయింది. అంత చిన్న చప్పుడు కంచె దగ్గరున్న నాన్నకి వినపడలేదని, బంతి నిజంగానే బాగా వెళ్ళిందనుకుని అరిచారని అమ్మ అప్పటిదాకా అనుకుంటోంది. నేనూ అంతే. మా నాన్న సండే స్కూల్లో మాకు పది ఆజ్ఞలూ వరసగా చెప్పించే మనిషి. ఆయన విన్నారు. వినీ రెండు జెండాలు ఎత్తమన్నారు. నేను అబద్ధం ఆడుతుంటే బూట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. మైదానంలో పగిలిన చెవి, రక్తం, అరుపులు, అవేవీ నన్ను ఇంత బెదరగొట్టలేదు. కుర్చీ కింద నేల ఉందో లేదో అని కాలితో తడిమి చూసుకున్నాను. నిజంగానే చూసుకున్నాను.

అమ్మ ఇప్పుడేమంటుందో అని ఆవిడ వైపు చూశాను. అనడానికి ఆవిడకి హక్కుంది. అందరి ముందూ ఒంటరిగా నిలబడింది ఆవిడే. అమ్మ లేచి, గిన్నెలోంచి వేడన్నం తీసి నాన్న కంచంలో వేసింది. పప్పు వేసింది. కూర్చుని, మెల్లగా అంది.

"నా చెయ్యి కూడా రెండో జెండా మీదకి వెళ్ళిందండీ. మీరు అరిచాక కాదు, అంతకు ముందే. ఆ కాగితమే గుర్తొచ్చింది నాకూ."

నాన్న కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టుకున్నారు. ఆయన ఏడవడం నేను చూడకూడదని కాబోలు అమ్మ నన్ను మంచినీళ్ళు తెమ్మంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నాన్న గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే కోటు వేసుకున్నారు. ప్రార్థన మధ్యాహ్నం కదా అని నేను అనుకుంటుండగానే "నువ్వూ రా" అన్నారు. అమ్మ ఎక్కడికని అడగలేదు. గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

పొడుగు అంకుల్ వాళ్ళింటి ముందు మెట్ల మీద కూర్చుని వాచిన మోకాలికి ఐసు పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేవబోతే నాన్న వద్దన్నారు. నిలబడే చెప్పారు. బంతి గొట్టానికి తగిలింది, నేను విన్నాను, నా భార్య చెప్పింది నిజం, నిన్న నేను ఆ సంగతి మీతో చెప్పలేదు. అంతే చెప్పారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని "నేను కూడా విన్నాను. అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నాన్నతో. కోపంగా కాదు, నిజంగానే అర్థంకానట్టు.

"నా కాగితం మీ సొరుగులో ఉంది" అన్నారు నాన్న.

"ఏ కాగితం?"

ఇన్నేళ్ళయినా ఆ రెండు మాటలు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన నటించలేదు. ఆయనకి నిజంగా గుర్తులేదు. రెండు నెలలుగా మా ఇంట్లో ముగ్గురం ఆ కాగితం మీదే తిన్నాం, దాని మీదే పడుకున్నాం, దాని కోసమే మోకాళ్ళ మీద ప్రార్థించాం. ఆయన మనసులో అది లేనే లేదు. కోపంతో ఆపలేదు, ఇష్టం లేక ఆపలేదు. సొరుగులో వేసి మరిచిపోయాడు. మా భయమంతా ఒక మతిమరుపు మీద కట్టుకున్న ఇల్లు.

నాన్న ఏ కాగితమో చెప్పారు. చెబుతుండగా పొడుగు అంకుల్ మొహం మారిపోవడం నేను చూశాను. ఐసు సంచీ చేతిలోంచి జారి మెట్ల మీద పడింది, ఆయన తియ్యలేదు. "ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం నేను నీ కాగితం ఆపుతాననుకున్నావా?" అన్నాడు. నాన్న మళ్ళీ తన బూట్ల వైపు చూసుకున్నారు. అదే జవాబని ఆయనకీ అర్థమైంది. అంత పెద్ద మనిషి, ముందురోజు మైదానమంతా దద్దరిల్లేలా అరిచిన మనిషి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నిన్ను నేను అడగకుండా ఉండాల్సింది" అన్నాడు. "మీ అమ్మ చెప్పింది కరెక్ట్."

సోమవారం సాయంత్రం నాన్న సంతకం పెట్టిన ఉత్తరం కాపీ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. మేం గంతులెయ్యలేదు. అమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఏమన్నాడు అని అడిగింది. "సారీ చెప్పాడు. నీకు చెప్పమన్నాడు" అన్నారు నాన్న. "నాకు చెప్పాల్సింది నాకే చెప్పొచ్చుగా" అని అమ్మ బీన్స్ తరగడానికి కూర్చుంది. ఆ మాట నాన్న మర్నాడు ఆఫీసులో చేరవేశారో లేదో తెలియదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పొడుగు అంకుల్ అమ్మ పనిచేసే ఆసుపత్రికి వెళ్ళి, ల్యాబ్ గుమ్మంలో తల వంచుకుని నిలబడి క్షమించమని అడిగాడట. తోటివాళ్ళందరూ పని ఆపి చూస్తుంటే తనకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించిందని అమ్మ చెప్పింది. మరుసటి ఏడు మళ్ళీ అంపైర్‌గా రమ్మంటే మాత్రం వెళ్ళలేదు. ఒకసారి చాలంది.

నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఈమధ్య ఒక రోజు అడిగాను, ఆ సాయంత్రం నాన్న ఆ మాట చెప్పినప్పుడు నీకు కోపం రాలేదా అని. "వచ్చింది. ఎందుకు రాదు? కానీ ఆయన చెప్పకపోతే నాకు జన్మలో తెలిసేది కాదు. నాకు తెలియని తప్పుని తనే తెచ్చి నా ముందు పెట్టిన మనిషిని ఇంకేం అంటాను?" అంది.

ఆ రోజు నుంచి నేను నిజమే మాట్లాడుతున్నానని గొప్పగా చెప్పుకోలేను. తర్వాత కూడా భయపడ్డాను, భయంతో నోరు మూసుకున్నాను, అలాంటివి నాకూ ఉన్నాయి. అమ్మలా నిలబడగలిగిన రోజులు తక్కువే, నాన్నలా బూట్ల వైపు చూసుకున్న రోజులే ఎక్కువ. అయితే ఒకటి మాత్రం నాతో ఉండిపోయింది. నా పిల్లలు గానీ, నా భర్త గానీ, నా కింద పనిచేసినవాళ్ళు గానీ, ఆలస్యంగా వచ్చి తలవంచుకుని ఒక నిజం చెప్పినప్పుడు, "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపుతాను. ముందు కూర్చోమంటాను. అన్నం తిన్నారా అని అడుగుతాను. ప్రశ్న తర్వాత. చాలాసార్లు ఆ తర్వాత అడగాల్సిన అవసరమే రాదు.